మాత్ర సరే, మెతుకు మాటేమిటి?

మొన్న ఒక తెలుగు పార్లమెంటు సభ్యుని ఇంట కాఫీ తాగుతుండగా ఆయన ఒక రంగుల కరపత్రం నా చేతికిచ్చారు. ఏదో మందుల కంపెనీ పంపినదట. సి, ఇ విటమిన్లు, సెలీనియం, జింకు కలిపిన యాంటీ ఆక్సిడెంట్ మాత్రను క్షయరోగులందరికీ ప్రభుత్వమే పంచాలన్నది దాని సారాంశం. "బస్తర్ వంటి చోట్లకు ఇది మంచిదే కదా! సభలో అడగమంటారా?" అన్నారాయన. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాత్ర వెనుక శాస్త్రం బొత్తిగా లేదనలేము. ఊపిరితిత్తులలో చేరిన క్షయ క్రిములను చంపడానికి శరీరంలోని రక్షణ కణాలు ప్రాణవాయువు నుంచి పుట్టే తీవ్ర రసాయనాలను ప్రయోగిస్తాయి. ఆ నిప్పు క్రిమితో ఆగక ఊపిరితిత్తినీ కాలుస్తుంది. దానిని చల్లార్చేవే యాంటీ ఆక్సిడెంట్లు. క్షయరోగుల నెత్తుటిలో అవి తక్కువగా ఉంటాయన్నదీ నిజమే. అయితే లోటు ఉన్నదని తేలడం వేరు, మాత్రతో పూడిస్తే రోగి బతుకుతాడని తేలడం వేరు. అంతవరకు జరిగిన పరీక్షలను 2016లో కోక్రేన్ సమీక్షకులు వడబోసి, విటమిన్లు, ఖనిజాల మాత్రలతో మరణాలు తగ్గుతాయనడానికి నమ్మదగిన ఆధారం కానరాలేదన్నారు. రోగికి ముందు కావలసింది చాలినంత ఆహారమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పి ఉన్నది.

బస్తర్ అనగానే మనవారికి తుపాకులే గుర్తుకు వస్తాయి. కోంటా వైపు దోర్లల మాటలో తెలుగు ఎంత కలిసి ఉన్నదో ఢిల్లీలో ఎవరికీ తెలియదు. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత అక్కడి నుంచి వేలాదిమంది ఖమ్మం అడవులకు తరలివచ్చారు. మనం వారిని గుత్తికోయలన్నాము. కొన్నేళ్ల క్రితం చింతూరు దారిలో అటువంటి రోగి ఒకడు తారసపడ్డాడు. సంచిలో క్షయ మందులు భద్రంగానే ఉన్నాయి. ఎందుకు మానేశావంటే, "ఉత్త కడుపున వేసుకుంటే తిప్పుతున్నది దొరా" అన్నాడు. ఇంట్లో జావ తప్ప మరేమీ లేదు. వాడి అడవిలో ఉసిరికి కొదవ లేదు. సి విటమిన్‌కు దానికి సాటి వచ్చే కాయలు అరుదు. అవి ఏరి సంతలో అమ్మి ఉప్పూ నూనే కొనుక్కునేవాడికి మనం విటమిన్ల గురించి బోధించబోతున్నాము!

బస్తర్‌కు ఉత్తరాన, అదే రాష్ట్రంలో, బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే వైద్యుల సంస్థ ఉన్నది. 2004-2009 మధ్య అక్కడికి వచ్చిన 1,695 మంది క్షయరోగుల లెక్కలు 2013లో ప్రచురితమయ్యాయి. వయసొచ్చిన మగవారి మధ్యస్థ బరువు 42 కిలోలు, ఆడవారిది 34. ముప్ఫై నాలుగు కిలోలు! మన ఇళ్లలో బడిపిల్లల బరువది.

తర్వాత పొరుగున ఉన్న జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు రేషన్స్ అనే పెద్ద పరీక్ష జరిగినది. రోగికి నెలకు పది కిలోల ఆహారపు మూట, దానితోపాటు విటమిన్ మాత్రా ఇచ్చారు. కొన్ని కుటుంబాలలో ఇంటిల్లిపాదికీ తలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గినది. తొలి రెండు నెలలలో ఐదు శాతం బరువు పెరిగిన రోగులకు మరణ ప్రమాదం 61 శాతం తక్కువ. మాత్రకు అక్కడ చోటున్నది, కాని మూట పక్కన.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో పాలూ గుడ్లూ చికిత్సలో భాగమే. అయితే 1956లో మద్రాసులో మొదలైన ప్రసిద్ధ పరిశోధన, ఇంట అరకొర తిండితో మందు వాడినవారూ శానిటోరియంలో పుష్టిగా తిన్నవారూ దాదాపు సమానంగానే కోలుకున్నారని 1959లో తేల్చినది. పేదవాడిని శానిటోరియం గుమ్మం నుంచి విముక్తుణ్ణి చేసిన మేలు దానిది. అందులోంచి తిండి అప్రధానమన్న అర్థం పిండుకోవడం మాత్రం పాలకుల సౌకర్యం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయమే. 2018 ఏప్రిల్ నుంచి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఇవ్వాలన్నారు. అంటే రోజుకు 33 రూపాయలు. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడాలి. బ్యాంకు ఉన్న ఊరికి దగ్గేవాడు నడవాలి. కుటుంబానికి పప్పు బియ్యాలు కావాలంటే దాతలను వెదకాలి! 2012లోనే సొంత ఆహార భద్రతా చట్టం చేసుకున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. ఆ చౌకదుకాణంలోనే క్షయ సోకిన ఇంటికి కందిపప్పు, నూనె అదనంగా ఎందుకు తూచి ఇవ్వరాదు?

కనుక ఆ పార్లమెంటు సభ్యునికి నా మనవి: కరపత్రం పక్కన పెట్టి, బస్తర్ డివిజను ఏడు జిల్లాలలో ఎందరు రోగులకు తొలి రెండు నెలల్లోనే ఆ డబ్బు చేతికి అందినదో, రెండో నెలాఖరున ఎందరిని తూకం వేసి చూశారో జిల్లాలవారీగా అడగండి.