గూగీ నాటకశాల, మన తండా మాట

కెన్యా రచయిత గూగీ వా థియాంగో 2025 మే 28న అమెరికాలో కన్నుమూశారు. ప్రవాసంలోకి వెళ్ళి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. ఈ అనంతపురం కరువు సీమలో మనకు ఆయనతో పనేంటి అంటారా? ఉంది.

1977లో గూగీ తన ఊరు కామిరీథులో రైతులు, కూలీలతో కలిసి ఒక నాటకం ఆడించారు. ఇంగ్లీషులో కాదు, వాళ్ళ గికుయు భాషలో. ఆరుబయట నాటకశాలను ఊరి జనమే కట్టుకున్నారు. మన భూమి ఎవరి చేతికి పోయింది అన్నదే కథ. అదే ఏడాది ఆయన ఇంగ్లీషులో ఘాటైన నవల అచ్చేస్తే సర్కారు ఓర్చుకుంది. కూలీ నోట కూలీ మాటలోనే ఆ సంగతి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయింది. నాటకాన్ని నిషేధించి, డిసెంబరు 31న ఆయన్ను పట్టుకుపోయారు. విచారణ లేకుండా ఏడాది జైలు. 1982లో పోలీసులు నాటకశాలను నేలమట్టం చేశారు. ఆ ఏడే ఆయన దేశానికి దూరమయ్యారు.

జైల్లో టాయిలెట్ కాగితాల మీద గికుయులోనే నవల రాశారు. దాన్ని మన వరవరరావు తానూ జైల్లో ఉన్నప్పుడే 'మట్టికాళ్ళ మహారాక్షసి'గా తెలుగు చేశారు. ఒక జైల్లో పుట్టిన పుస్తకం ఇంకో జైల్లో తెలుగు నేర్చుకుంది!

చిన్నప్పటి బడి గురించి గూగీ రాసింది చదివితే గుండె కలుక్కుమంటుంది. గికుయు మాట్లాడిన పిల్లల్ని కొట్టేవాళ్ళు. 'నేను గాడిదను' అని రాసిన పలక మెడలో వేసేవాళ్ళు. ఎవరు మాట్లాడారో తోటి పిల్లలతోనే చెప్పించేవాళ్ళు. అంటే సొంత మాట మీద నిఘా పెట్టడం బిడ్డలకే నేర్పారన్నమాట.

మన సుగాలి తండాల్లో మెడలో పలక ఎవరూ వేయరు. కానీ ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే బిడ్డకు చాలా బడుల్లో ఆ మాట వినపడదు. ఎరుకల ఇళ్ళలో ఇంకా కష్టం. బ్రిటిష్ వాళ్ళ నేరస్థ జాతుల చట్టం ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసుకుంది. అది 1952లో గానీ రద్దు కాలేదు. ఆ తాతలు ఠాణాలో హాజరు వేయించుకున్న సంగతి పోలీసు రికార్డుల్లో ఉంటుంది, పోలీసు మాటల్లో. అవ్వకు తెలిసిన కథ ఏ కాగితం మీదకెక్కింది?

ఇంగ్లీషు వద్దని ఎవరూ అనడం లేదు. బెంగళూరుకు వలసపోయే ఇంటి బిడ్డకు అది కావాల్సిందే. గూగీ కూడా అమెరికా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాయనే. అడిగేది ఒకటే. బోధన వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ 'వీలైనంత' దగ్గరే చాలా తండా బడులు ఆగిపోయాయి. కనీసం ఒకటి, రెండు తరగతులకన్నా గోర్‌బోలి వచ్చిన టీచరును వేయమని మీ మండల విద్యాధికారిని అడగండి.

సేవాలాల్ జయంతికి ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర సేవాగడ్‌కు మీలో చాలామంది వస్తారు కదా. వచ్చేటప్పుడు మీ అవ్వ చెప్పిన ఒక్క కథైనా ఆమె మాటల్లోనే రాసుకుని రండి. తెలుగు లిపిలో అయినా సరే.