పెత్తనము నిలుచుటెట్లు?

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్. బి. నగరు వరకు మెట్రో స్తంభముల నీడను నడచు జనులలో వాని వెనుకటి కథ నెరిగినవారెందరో చెప్పజాలము. 2008లో ఆ నిర్మాణము మేటాస్ కంపెనీ నాయకత్వముననున్న కూటమికి దక్కినది. ఆ కంపెనీ సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుల కుటుంబమువారిది. (సత్యం అను పేరును ఆంగ్లాక్షరములలో తుదినుండి చదివిన మేటాస్ అగును!) 2009లో ఆ ఒప్పందము రద్దయ్యెను, 2010లో పని ఎల్ అండ్ టి చేతికి వచ్చెను. ఎల్. బి. నగరునకు రైలు నడచినది 2018 సెప్టెంబరులో.

సత్యం 1987లో పుట్టి 2001లో న్యూయార్కు స్టాకు మార్కెటుకెక్కినది. వ్యాపారము దేశాంతరములకు పెరిగినకొలది వాటాలను పరులకమ్మక తప్పదు, అందు దోషములేదు. కాని వ్యవస్థాపకుల వాటా నూటికి పదింటికి లోబడి, ఆ కొంచెమును అప్పులకు తాకట్టుపడినది. లెక్కలు బాగుగా లేకున్న కంపెనీ పరులపాలై, దొంగలెక్కల లోటు బయటపడునను భయముండెనని 2009 జనవరి 7వ తేదీ లేఖలో రామలింగరాజుగారే ఒప్పుకొనిరి. అంతకు మూడు వారములకు ముందు సత్యం సొమ్ముతో మేటాస్ కంపెనీలను కొనబూనగా వాటాదారులు మండిపడిరి. దినము తిరుగకమునుపే ఆ యత్నము విరమింపబడెను. ధర పడగానే ఋణదాతలు తాకట్టు వాటాలనమ్ముకొనిరి. ఆ యేడు ఏప్రిలులో సంస్థ టెక్ మహీంద్రా వశమయ్యెను. పెత్తనమును దక్కించుకొనుటకై దాచిన లెక్కలే పెత్తనమును హరించినవి.

డాక్టర్ రెడ్డీస్ కూడ 2001లోనే న్యూయార్కుకు వెళ్లినది. 2006లో జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. అయినను అంజిరెడ్డిగారి కుటుంబము నాలుగవ వంతుకు కొంచెము మించిన వాటాను చేజారనీయలేదు. ఆ కొంచెమునందే కిటుకున్నది. మన కంపెనీల చట్టమున ప్రత్యేక తీర్మానమునకు ముప్పాతిక ఓట్లు కావలెను. పాతికకు మించినవాడు దానిని ఆపగలడు.

ఎల్ అండ్ టిది వేరు దారి. దానికి వంశపు యజమాని లేడు. అంబానీలు, ఆ పిమ్మట బిర్లాలు దానిపై కన్నువేసిరి. 2003 నాటి రాజీలో సిమెంటు వ్యాపారము బిర్లాలకు పోయి, వారి వాటాలు ఉద్యోగుల ట్రస్టుకు వచ్చినవి.

దిల్‌సుఖ్‌నగరు శిక్షణాలయములలో కంప్యూటరు విద్య నేర్చు యువకులలో కొందరు రేపు కంపెనీలు స్థాపింతురు. ఒక్కొక్క వాటాకు పది ఓట్ల వరకు వ్యవస్థాపకులకిచ్చు వెసులుబాటును సాంకేతిక కంపెనీలకు సెబీ 2019లో కల్పించినది. మాకిది అంతగా రుచింపదు. బయటివారినుండి కంపెనీని కాపాడవచ్చును గాని, వ్యవస్థాపకునినుండి కంపెనీని కాపాడువారెవరు? సత్యం కూలిన నెలలోనే, వ్యవస్థాపకులు తాకట్టుపెట్టిన వాటాలను ప్రకటింపవలెనని సెబీ విధించెను. వాటాలు కొనబోవు మన పట్టణవాసులు లాభముల పట్టికకంటె ముందు ఆ తాకట్టుల పట్టికను తెరచి చూతురుగాక.