పిరికిదైన పోకెమాన్ పనికిరాదా?

పోకెమాన్ అను వీడియో ఆట మా తరగతులలో పలువురకు పరిచితమే. వింత ప్రాణులను పట్టి, పెంచి, పోటీలకు దింపుట అందలి వినోదము. బాల్యమున పురుగులను ఏరికూర్చు సరదా గల సతోషి తజిరి దీనికి ఆద్యుడు. 1996లో జపానులో ఆట వెలువడినపుడు ప్రాణులకు స్వభావమను మాట లేదు. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలతో అది ప్రవేశించినది. మేము చర్చింపదలచిన చిక్కును దానితోనే వచ్చినది.

స్వభావములు 25. వానిలో 20 స్వభావములు ఒక శక్తిని నూటికి 10 పాళ్లు పెంచి, వేరొకదానిని అంతే తగ్గించును. తక్కిన 5 దేనినీ మార్చవు. దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగము అనువానికే ఈ హెచ్చుతగ్గులు. పేర్లు పెట్టినవారి చమత్కారము మెచ్చదగినది. ధైర్యము గలదానికి దాడి ఎక్కువ, వేగము తక్కువ. తొందరపాటు గలదానికి వేగము హెచ్చి రక్షణ తగ్గును. పిరికిదానికి వేగము పెరిగి దాడి తగ్గును. పిరికివాడు పరుగులో ముందుండుట లోకమెరిగినదే కదా! ఆట తెలుగులో లేదు గనుక, 'టిమిడ్' అను మాటకు నిఘంటువులో అర్థము చూచి, తన ప్రాణి పిరికిదని చిన్నబుచ్చుకొన్న బాలురును మాలో కలరు.

నిజమునకు చారిజార్డ్ వంటిదానికి అదియే మేలైన స్వభావములలో ఒకటి. పుట్టుక గుణమును, వేగమున శిక్షణయు సంపూర్ణముగా నున్నచో, 100వ స్థాయిలో సామాన్య స్వభావము గల చారిజార్డ్ వేగము 299. పిరికిదాని వేగము 328. సాధారణముగా వేగము గలదే ముందు దెబ్బ తీయును. నిప్పు గ్రక్కుట ప్రత్యేక దాడి క్రింద లెక్క గనుక, దాడి తగ్గినను దానికి కొరత లేదు. ఇట్టి లెక్క వేయుటను మేము తప్పు పట్టము. గణితమనిన బెదరువారు సైతము శాతములను ఇక్కడ ఇష్టముతో నేర్చుకొనుచున్నారు.

మా అభ్యంతరము వేరు. కోరిన స్వభావము దొరకుటకు 25లో ఒక వంతే అవకాశము. దానికై ఆటగాండ్రు గ్రుడ్డు వెంట గ్రుడ్డు పొదిగించి, ఒకదానిని ఉంచుకొని తక్కినవానిని విడిచిపెట్టుదురు. పోటీలకు పోవువారి సంగతి సరే. కథ మాత్రమే ఆడుకొను చిన్నవారు కూడ, ఎవరో చెప్పిన పట్టిక చూచి, తొలి నేస్తము స్వభావము బాగులేదని ఆటను పదేపదే ఆపి మొదలుపెట్టుచున్నారు. కథలోని ప్రత్యర్థులను గెలుచుటకు ఆ 10 పాళ్లు అక్కరయే లేదు. సెలవు దినములు గ్రుడ్లపాలగుచున్నవి.

2019లో వెలువడిన స్వోర్డ్, షీల్డ్ ఆటలలో మింట్ అను ఆకులు వచ్చినవి. తగిన ఆకును వాడినచో శక్తుల హెచ్చుతగ్గులు మారును. స్వభావము పేరు మాత్రము మారదు. దీనితో స్వభావమునకు విలువ పోయినదని, గ్రుడ్లతో కష్టపడినవారికి అన్యాయము జరిగినదని కొందరందురు. కష్టపడినవారి బాధ మాకు తెలియకపోలేదు. అయినను, పెంచుకొన్న ప్రాణిని పారవేయనక్కరలేకుండ చేసిన ఉపాయమును అన్యాయమనుట మాకు రుచింపదు. మింట్ ఊరక దొరకునది కాదు. ఆ ఆటలలో దానిని పోరాడి సంపాదించిన పాయింట్లతో కొనవలెను.

కావున క్రొత్తగా ఆడువారు తొలి ప్రాణిని ఏ స్వభావముతో వచ్చిన ఆ స్వభావముతోనే కథ చివరివరకు నడిపింపవలెనని మా అభిప్రాయము. పోటీలపై మనసైనచో అప్పుడు మింట్ వాడవచ్చును. ఎవర్‌స్టోన్ అను రాయిని పట్టుకొన్న ప్రాణి తన స్వభావమును పిల్లకు ఇచ్చును. మింట్ వాడినదైనను అది ఇచ్చునది తన పుట్టు స్వభావమునే.