వేటతో పాటు లెక్కా ఆగింది

బేతంచెర్ల అనగానే ఇప్పుడు గుర్తొచ్చేది నాపరాయి, పాలిష్ ఫ్యాక్టరీలు. పురాజీవ శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం ఆ ఊరంటే బిల్లసర్గం గుహలు. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడి మట్టిపొరలు తవ్వించి తీసిన ఎముకల్లో ఖడ్గమృగం ఉంది, నీల్‌గాయ్ ఉంది, కృష్ణజింకా ఉంది. ఆ గుహలనే ఈ శతాబ్దంలో మళ్లీ పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం 2014లో తన ఫలితాలు ప్రచురించింది. రెండు లక్షల ఏళ్లలో వాతావరణం ఎన్ని మలుపులు తిరిగినా, అక్కడ కనిపించిన క్షీరదాల్లో చాలావరకు ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయని తేల్చింది. అంత కాలాన్ని ఈదుకొచ్చిన కృష్ణజింక, స్వాతంత్ర్యం వచ్చాక రెండు దశాబ్దాలు గడవకముందే అంతరించే అంచుకు చేరింది. 1947లో దేశంలో 80 వేల దాకా ఉండేవని, 1964 నాటికి 8 వేలకు పడిపోయాయని అంచనా.

అంత వేగంగా ఎలా తరిగిపోయాయి? రాజులు, నవాబులు, దొరలు తరతరాలుగా వేటాడినా మందలు మిగిలాయి. ఆ తరవాత జీపు వచ్చింది, దానిమీద సెర్చిలైటు వచ్చింది. కృష్ణజింక పొదల్లో దాక్కునే జంతువు కాదు. దానికి కావలసింది బయలు నేల, పొట్టి గడ్డి. దూరం నుంచే శత్రువును చూసి పరుగు తీయడమే దాని రక్షణ. రాత్రిపూట కళ్లలో లైటు పడితే ఆ పరుగూ ఆగిపోతుంది. 1912 నాటి వన్యప్రాణి చట్టం వేట నిషిద్ధ కాలాన్ని నిర్ణయించే అధికారం ఇచ్చింది కానీ, రాత్రి చీకట్లో మెట్ట పొలాల మీద తిరిగే జీపును ఆపే యంత్రాంగాన్ని ఇవ్వలేదు. చేతిలో లైసెన్సు కాగితం ఉన్నవాడు ఎన్ని కొట్టాడో చూసేవారే లేరు.

మందలు తగ్గినప్పుడు వేట లైసెన్సులు తగ్గించడం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న పద్ధతే. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో 2022-23 చలికాలం మంచుకు ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువుల మందలు కుప్పకూలితే, అక్కడి వన్యప్రాణి శాఖ ఆ ఏడాది వేల లైసెన్సులకు కోత పెట్టింది. ఆ పని చేయగలిగిందంటే కారణం, ఏ మందలో ఎన్ని ఉన్నాయో, ఎన్ని పిల్లలు బతికాయో ప్రతి ఏటా లెక్క తీయడం. లైసెన్సుల సంఖ్య ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

మనం ఎంచుకున్నది వేరే దారి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కావాలని ముందుగా తీర్మానం చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టి దాని వేటను పూర్తిగా నిషేధించింది. మిగతా కొన్ని జంతువులకు మాత్రం చిన్న వేట, పెద్ద వేట, ప్రత్యేక వేట అంటూ లైసెన్సులు ఉంచింది. లైసెన్సు ఉన్నవారు తాము చంపిన, పట్టిన ప్రతి జంతువు వివరం రాసి ఉంచాలని 10వ సెక్షన్ చెప్పింది. 1991 సవరణతో లైసెన్సులన్నీ రద్దయ్యాయి. 10వ సెక్షన్ కూడా పోయింది. వేటే లేనప్పుడు వేట లెక్క ఎందుకన్నది సబబే. కానీ దాని స్థానంలో బతికున్న మందల లెక్క రావాలి కదా. పులికి వచ్చింది. అభయారణ్యాల బయట, రైతు పొలాల మధ్య బతికే జింకకు రాలేదు.

వేట నిషేధం తప్పని నేను అనడం లేదు. అది లేకపోతే ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువును పుస్తకాల్లో చూసుకోవలసి వచ్చేది. దేశవ్యాప్తంగా కృష్ణజింకలు మళ్లీ పదుల వేలకు చేరాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ప్రమాదం అంచునున్న జాతుల జాబితా నుంచి తప్పించింది. చట్టం పనిచేసిన అరుదైన ఉదాహరణల్లో ఇదొకటి. నా బాధంతా ఆ విజయానికి మూల్యం ఎవరు కడుతున్నారన్నదే.

దీనికి అందరికంటే ముందు పాఠం నేర్పింది మన రోళ్లపాడే. నందికొట్కూరు దగ్గరి ఆ గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. అక్కడ ఏళ్ల తరబడి పరిశోధన చేసిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు రంజిత్ మనకదన్, అసద్ రహ్మానీ, పిట్టతో పాటు జింకనూ గమనించారు. కావలి పెరగడంతో పదుల్లో ఉన్న జింకలు వందల్లోకి పెరిగాయి. 614 హెక్టార్ల కంచెలో వాటికి మేత చాలదు. చుట్టుపక్కల చేలలో పడ్డాయి. అక్కడి పంట నష్టం మీదే ఆ ఇద్దరూ 1998లో ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. రైతుకు జింక మీద వచ్చిన కోపం అభయారణ్యం మీదికి, అక్కడినుంచి పిట్ట మీదికి మళ్లింది. కాలువలు, రిజర్వాయరు వచ్చి చుట్టూ ఉన్న మెట్ట సాగు తీరు మారింది. ఇవాళ రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనబడటమే గగనం. ఏ పిట్ట కోసం కంచె వేశారో ఆ పిట్ట దాదాపు పోయింది. రైతుతో తెగదెంపులు చేసుకున్న సంరక్షణ ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం మరొకటి అక్కర్లేదు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడి నేలల్లో, కడప జిల్లా పెద్దముడియం ప్రాంతంలో ఈ గొడవ ఏటా ఉన్నదే. మొలక దశలో ఉన్న పత్తి, శనగ, వేరుశనగ మీద మంద పడితే ఒక్క రాత్రిలో సాళ్లు ఖాళీ. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ సేద్యం చేయించాలి. ఆలోపు పదును ఆరిపోతే ఆ కారు పోయినట్టే. చేను చుట్టూ పాత చీరలు కడతారు, టపాకాయలు కాలుస్తారు, రాత్రంతా మంచె మీద కూర్చుంటారు. కౌలు రైతుకైతే నష్టం తనది, కౌలు మాత్రం కట్టితీరాలి.

చట్టం ఈ రైతుకు ఏం చెబుతోంది? మొదటి షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని జబ్బు చేస్తేనో తప్ప చంపడానికి 11వ సెక్షన్ ఒప్పుకోదు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. 62వ సెక్షన్ కింద కొన్ని జంతువులను హానికర జంతువులుగా ప్రకటించవచ్చు కానీ మొదటి షెడ్యూలు జాతులకు అది వర్తించదు. బీహార్‌లో నీల్‌గాయ్‌లను ఆ జాబితాలో చేర్చి 2016లో మొకామా ప్రాంతంలో 200కు పైగా కాల్చి చంపించారు. కేంద్ర మంత్రుల మధ్యే బహిరంగంగా వాగ్వాదం జరిగింది. ఆ దారి మనకు వద్దు. కజకిస్తాన్‌లో సైగా జింకలు 2015లో జబ్బుతో రెండు లక్షలకు పైగా చచ్చిపోయి, తిరిగి 2023 నాటికి 19 లక్షలకు పెరిగాయి. అక్కడ ప్రభుత్వం నియంత్రిత వేటకు అనుమతిచ్చింది. అది లక్షల్లో ఉన్న మందల సంగతి. చిన్న చిన్న గుంపులుగా, మధ్యలో రోడ్లు, కాలువలు అడ్డుపడి విడివిడిగా బతుకుతున్న మన జింకలకు ఆ లెక్క పట్టదు. ఎన్ని ఉన్నాయో తెలియకుండా ఎన్ని చంపవచ్చో ఎవరు చెప్పగలరు?

ప్రతి ఎన్నికలోనూ జింకల పార్కు హామీ వినిపిస్తుంది. బయలు జంతువును కంచెలో పెట్టి, గడ్డి చాలక, మళ్లీ బయటికి వదిలే పరిస్థితి తెచ్చుకోవడమే అవుతుంది. ఆ అనుభవం రోళ్లపాడులో అయిపోయింది. వాటికి కావలసిన గడ్డినేల రెవెన్యూ రికార్డుల్లో బంజరుగా ఉండటం వల్ల ఏ ప్రాజెక్టు వచ్చినా మొదట పోయేది అదే. బేతంచెర్లకు అంత దూరం కాని గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు 6 వేల ఎకరాల్లో ఉంది. సౌర విద్యుత్తు అవసరమే. ఆ స్థాయిలో మెట్ట భూమిని తీసుకునేటప్పుడు అక్కడ మేసే జంతువు ఎటు పోతుందన్న ప్రశ్న కూడా ఫైలులో ఉండాలి.

చంపకుండా తరలించే మార్గం ఉంది. మధ్యప్రదేశ్ 2025 అక్టోబరులో షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టరు సాయంతో మందలను గరాటు ఆకారపు ఆవరణలోకి నడిపించి, 800కు పైగా కృష్ణజింకలను పట్టి అభయారణ్యాలకు చేర్చింది. మత్తుమందు వాడలేదు. రాయలసీమ నల్లరేగడి మైదానాల్లోనూ అది సాధ్యమే. అయితే ఎక్కడికి తరలించాలో ముందే తేల్చుకోవాలి.

తరలింపు ఏళ్లు పట్టే పని. ఈలోపు రైతును ఆదుకునే అవకాశం ఒకటి చేతికొచ్చింది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా పరిధిలోకి తెస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో తెలపాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రమే నోటిఫై చేయాలి. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల్లో కృష్ణజింక పేరు ఆ జాబితాలో ఉండి తీరాలి. కౌలు రైతు నమోదుకు పాసుపుస్తకం అడ్డం కాకూడదు. యాప్ వాడలేనివారి ఫిర్యాదును రైతు సేవా కేంద్రంలోనే రాసుకోవాలి. ఆ ఫిర్యాదులన్నీ మండలాల వారీగా అటవీ శాఖకు చేరితే, మందలు ఏ నెలలో ఏ ఊళ్ల మీదుగా కదులుతున్నాయో తెలుస్తుంది. 1991 నుంచి తీయని లెక్కకు అది మొదటి పుట అవుతుంది.