కాన్ఫిగ్ ఫైల్‌ని సిస్టమ్32లో పడేయమంటారా? వద్దు!

మన పీసీలో ఫ్యాన్ స్పీడ్, ఆర్‌జీబీ లైట్లు కంట్రోల్ చేసే చాలా టూల్స్ బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్‌గా రన్ అవుతుంటాయి. కొన్నింటితో ఒక వింత సమస్య ఉంటుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే సెట్టింగ్స్ అన్నీ బాగానే వస్తాయి. అదే ప్రోగ్రామ్ సర్వీస్‌గా స్టార్ట్ అయితే మాత్రం కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదంటుంది.

కారణం సింపుల్. డెవలపర్ ఫోల్డర్ చెప్పకుండా ఫైల్ పేరు ఒక్కటే రాస్తే, విండోస్ దాన్ని కరెంట్ డైరెక్టరీలో వెతుకుతుంది. సర్వీస్‌కి అది ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ కాదు, మామూలుగా సిస్టమ్32. లైనక్స్‌లో సిస్టమ్‌డీ సర్వీసులకైతే, వేరేగా సెట్ చేయకపోతే, రూట్ డైరెక్టరీ.

"ఫైల్‌ని సిస్టమ్32లోకి కాపీ చేసేయండి, అయిపోతుంది" అనే సలహా నాకు అస్సలు నచ్చదు. 32 బిట్ ప్రోగ్రామ్ అయితే విండోస్ దాన్ని సిస్‌వావ్64కి మళ్లిస్తుంది, కాబట్టి పని అవుతుందన్న గ్యారంటీ కూడా లేదు. టూల్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ ఫైల్ అక్కడే ఉండిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అడ్మిన్ పర్మిషన్ ఇచ్చి విండోస్ సొంత ఫోల్డర్‌లో బయటి ఫైల్స్ పెట్టే అలవాటు యూజర్లకి నేర్పకూడదు.

నా దృష్టిలో ఇది డెవలపర్ సరిచేయాల్సిన పని. డాట్‌నెట్‌లో యాప్‌కాంటెక్స్ట్.బేస్‌డైరెక్టరీ అని రాస్తే ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ దొరుకుతుంది. అక్కడి నుంచి ఫైల్ పాత్ కట్టుకుంటే చాలు. తరచూ మారే సెట్టింగ్స్‌ని మాత్రం ప్రోగ్రామ్‌డేటాలో పెట్టడమే మంచిది.

మీ టూల్‌లో ఈ ప్రాబ్లమ్ ఉంటే ఫైల్ కాపీ చేసి ఊరుకోకండి, డెవలపర్‌కి బగ్ రిపోర్ట్ పెట్టండి.