సైకిలు కొనుగోలుకు ముహూర్తం ఎవరు పెట్టాలి?

సైకిలు ఏ కాలంలో కొనాలి అన్నది చిల్లర ప్రశ్న అని కొందరు మిత్రులు అనవచ్చు. మేము అలా భావించడం లేదు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు బస్సు అందని కార్మికునికి సైకిలు విలాసవస్తువు కాదు, పనిముట్టు. దాని కొనుగోలులో నష్టపోయే ప్రతి రూపాయీ వేతనంలో కోత వంటిదే.

బడులు తెరిచే రోజులలోనూ, దసరా దీపావళుల వేళలోనూ సైకిళ్ళకు గిరాకీ పెరుగుతుంది. ఉత్తరాదిన ధనత్రయోదశి నాడు లోహవస్తువు కొనడం ఆనవాయితీ. తెలుగునాట ఆయుధపూజ నాటికి కొత్త బండికి కుంకుమబొట్టు పెట్టాలన్న ముచ్చట. కార్మికునికి బోనస్ అందేది కూడా సాధారణంగా ఆ రోజులలోనే. 1965 నాటి బోనస్ చట్టమూ, దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి వేతనాల కోడూ నిర్ణయించిన కనీస బోనస్ 8.33 శాతం, అంటే లెక్కకు తీసుకొనే వేతనంలో ఒక నెల మొత్తం. ఈ సంగతి వ్యాపారికి తెలియనిది కాదు. పండుగ తగ్గింపు అని బోర్డు కడతాడు గాని బేరానికి దిగిరాడు.

కనుక దీపావళి దాటి సంక్రాంతి సందడి మొదలయ్యేలోపునా, తిరిగి మాఘ ఫాల్గుణాలలోనూ కొనడం మేలని మా అభిప్రాయం. అప్పుడు దుకాణదారు మిగిలిన సరుకు వదిలించుకోవాలని చూస్తాడు. మరొక లాభమూ ఉన్నది. మన దేశంలో సైకిలు చాలావరకు విడిభాగాలుగా దుకాణానికి చేరి, అక్కడే బిగింపబడుతుంది. పండుగ రద్దీలో హడావిడిగా బిగించిన బండికి నెల తిరగకముందే చువ్వలు వదులై చక్రం వంకరపోవచ్చు. తీరిక రోజులలో చక్రం తిప్పించి, బ్రేకులు పట్టించి, రిమ్ములకు వానకాలపు తుప్పు పట్టలేదని చూసుకొని మరీ తెచ్చుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళపై వస్తుసేవల పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనిపించేదాకా దుకాణం మెట్లు దిగవద్దు.

అయితే ఈ సలహాలోని లోపం మాకు తెలియనిది కాదు. బోనస్ అందిన సాయంత్రమే కిరాణా బాకీ, అప్పులవాని వడ్డీ, పిల్లల బట్టలు వాకిట నిలబడతాయి. ఆ సొమ్మును రెండు మూడు నెలలు కదపక దాచగలిగేవారు ఎందరు? దాచలేనివాడు పండుగ ధరకే, అదీ వాయిదాలపై కొని, పైన వడ్డీ కట్టుకుంటాడు. తక్కువ సంపాదించేవాడే అదే సైకిలుకు ఎక్కువ చెల్లిస్తాడు. అతనికి పొదుపును గురించి ఉపదేశం చేయడం సులభమే. దానివల్ల ఒరిగేది మాత్రం ఏమీ లేదు.

ఈ చిక్కుకు ఒకనాడు పరిష్కారం ఉండేది. అది సైకిలు అడ్వాన్సు. నెలనెలా జీతంలో కోత పెట్టించుకొంటూ, ఉద్యోగి తనకు అనువైన కాలంలో బండి కొనుక్కొనేవాడు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఈ సౌకర్యాన్ని ఏడవ వేతన సంఘం సిఫారసుపై 2016లో రద్దుచేశారు. అంత చిన్న మొత్తం ఎవరికి కావాలని వాదించినవారు నాలుగవ తరగతి ఉద్యోగి ఇంటి గడప తొక్కి చూడలేదని మేము అనుకొంటాము.

అందుచేత సైకిలు అడ్వాన్సును పునరుద్ధరించాలనీ, ప్రైవేటు కర్మాగారాలలోనూ దానిని ఒప్పందాలలో చేర్చాలనీ మనం కోరాలి. అది సాధించేలోపు చేయదగిన పని ఒకటున్నది. యూనియన్ శాఖలు, పరపతి సంఘాలు పదిమంది సభ్యుల అవసరాన్ని ఒకచోట చేర్చి, గిరాకీ లేని మాసంలో ఒకే దుకాణంతో ధర మాట్లాడాలి. ఒంటరిగా వెళ్ళినవానికి ముహూర్తం వ్యాపారి పెడతాడు. పదిమందిగా వెళితే మనమే పెట్టుకోవచ్చు.