చదువు కోసం ఇచ్చిన మాట

గత మాసం ఒక రాత్రి ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయిన పిమ్మట ఒక తండ్రి మస్జిదు వరండాలో నా కొరకు వేచి ఉన్నారు. ఊరి వెలుపల ఆయనకు నాలుగెకరాల మెట్ట భూమి ఉన్నది. ఏటా వేరుశనగ వేస్తారు, ఏటా ఆకాశం వైపు చూస్తారు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఈ అనంతపురం సీమలో ఆ చూపు గురించి నేను వివరించనక్కరలేదు. ఆయన పెద్ద కుమారుడు అమెరికాలో కంప్యూటర్ విద్యలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వెళ్ళి ఇంకా సంవత్సరం నిండలేదు.

తండ్రి నా పక్కన కూర్చుని ఫోను తెరిచి కుమారుడు పంపిన సందేశం చూపించారు. "హజ్రత్, బిడ్డకు పెట్రోలు బంకులో పని దొరికిందంట. రాత్రిపూట పని. జీతం బ్యాంకులో వేయరు, చేతికి నగదు ఇస్తారంట. కాలేజీకి తెలియనవసరం లేదంట. వచ్చే నెల నుంచి అప్పు వాయిదా కట్టేదానికి పంపుతానంటున్నాడు. ఇది హలాలేనా?"

దొంగతనం కాదు, మోసపు వ్యాపారం కాదు, రెక్కల కష్టం. ఆయన ముఖం చూస్తే 'హలాలే' అన్న ఒక్క మాట కొరకు ఎంతగా ఆశపడుతున్నారో తెలుస్తూనే ఉన్నది. ఆ మాట నోటి వరకు వచ్చింది కూడా. అయితే విషయం పూర్తిగా తెలియకుండా తీర్పు చెప్పరాదని మా ఉస్తాదులు మాకు నేర్పిన మొదటి పాఠం. "భాయ్, నాకు రేపటి వరకు గడువివ్వండి" అన్నాను. ఆ రాత్రే మా చెల్లెలి కుమారునికి ఫోను చేశాను. అతను టెక్సాస్‌లో చదువు ముగించుకొని వచ్చినవాడు. అతను చెప్పినది విన్న తర్వాత, తొందరపడి జవాబివ్వనందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మన ఇళ్ళలో 'వీసా వచ్చింది' అంటే అంతా అయిపోయినట్లే. మిఠాయిలు పంచుతాము, దుఆ చేయిస్తాము, విమానాశ్రయం వరకు జీపులో వెళ్తాము. కాని పాస్‌పోర్టులో అతికించిన వీసా కేవలం గుమ్మం వద్ద చూపించే అనుమతి. లోపలికి వెళ్ళిన తర్వాత అక్కడ ఉండే అర్హత మరొకటి. దానినే వారు 'స్టేటస్' అంటారు. మా మదరసాలో చేరిక పత్రం ఒకటి ఉంటుంది, రోజువారీ హాజరు పట్టిక మరొకటి ఉంటుంది. చేరిక పత్రం పెట్టెలో భద్రంగా ఉన్నదని చెప్పి మూడు నెలలు పాఠానికి రాని బాలుణ్ణి విద్యార్థి అనలేము కదా! అమెరికాలోని ఎఫ్‌-1 విద్యార్థి స్థితి అచ్చంగా ఇటువంటిదే. అక్కడ ఉండగా వీసా గడువు తీరిపోయినా, స్టేటస్ సక్రమంగా ఉంటే చదువు కొనసాగుతుంది. వీసాకు ఇంకా నాలుగేళ్ళ గడువున్నా, స్టేటస్ పోతే ఆ పిల్లవాడికి అక్కడ నిలువ నీడ ఉండదు.

ఆ స్టేటస్ దేనిపై ఆధారపడి ఉంటుంది? విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 అనే పత్రం ఒకటి, ప్రభుత్వం వద్ద ఉండే సెవిస్ అనే కంప్యూటరు దస్త్రం ఒకటి. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ విదేశీ విద్యార్థుల కొరకు డీఎస్‌ఓ అనే అధికారి ఉంటారు. ఆ దస్త్రంలో వివరాలు నమోదు చేసేది వారే. ప్రతి సెమిస్టరులో పూర్తి భారం చదవాలి. డిగ్రీ వారికి 12 క్రెడిట్లు, పి.జి. వారికి సాధారణంగా 9. ఆన్‌లైన్ తరగతులలో ఒక్కటి మాత్రమే ఆ లెక్కలోకి వస్తుంది. జబ్బు చేసి చదువు తగ్గించుకోవాలన్నా, ఒక సబ్జెక్టు వదలుకోవాలన్నా డీఎస్‌ఓ అనుమతి ముందుగా తీసుకోవాలి, తర్వాత చెబితే చెల్లదు. ఇల్లు మారితే 10 రోజులలోగా తెలియజేయాలి. సెలవులలో ఇంటికి గాని, ఉమ్రాకు గాని వెళ్ళి తిరిగి రావాలనుకుంటే ఐ-20 మీద సంవత్సరం దాటని ప్రయాణ సంతకం ఉండాలి, వీసా గడువు కూడా మిగిలి ఉండాలి. ఉమ్రా పుణ్యకార్యమే అయినా ఆ సంతకం లేకుండా బయలుదేరిన పిల్లవాడు తిరుగు ప్రయాణంలో చిక్కుకుంటాడు.

ఇక పని సంగతి. తరగతులు జరిగే కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. భోజనశాల, గ్రంథాలయం, ప్రయోగశాల, ఏదైనా కావచ్చు. సెలవులలో పూర్తి సమయం చేయవచ్చు. ప్రాంగణం వెలుపల మాత్రం అనుమతి లేకుండా ఒక్క గంట చేసినా ఉల్లంఘనే. చదువులో భాగమైన శిక్షణకు సీపీటీ అని, చదువు తర్వాత 12 నెలల పనికి ఓపీటీ అని మార్గాలున్నాయి. విజ్ఞాన, సాంకేతిక శాఖల వారికి మరో 24 నెలల పొడిగింపు కూడా ఉన్నది. వాటిలో దేనికైనా ముందు అనుమతి, తర్వాత పని.

ఇందులో నన్ను కదిలించిన విషయం ఒకటున్నది. ఏదో కారణం చేత స్టేటస్ పోయినవాడు దానిని తిరిగి పొందేందుకు దరఖాస్తు చేసుకునే వీలు ఆ చట్టంలో ఉన్నది. తన చేతిలో లేని పరిస్థితి వలన తప్పు జరిగిందని, సాధారణంగా 5 నెలలు దాటకముందే వచ్చానని చూపించుకోవాలి. అయితే అనుమతి లేని పని చేసినవానికి ఆ తలుపు మూసివేయబడుతుంది. అంటే జబ్బు వలన తరగతులు తప్పినవాడికి క్షమాపణ దొరకవచ్చు. బంకులో నగదుకు పని చేసినవాడికి దొరకదు. ఇంటికి వాయిదా పంపాలని కుమారుడు ఎంచుకున్న దారి, తిరిగి వచ్చే దారినే మూసివేసేది.

ఇవి భయపెట్టడానికి చెప్పే మాటలని కొందరు అనవచ్చు. మన తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రం ప్లెజంటన్ పట్టణంలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడి జరిగింది. అక్కడ పేరు నమోదు చేసుకున్నవారు 1,500 మందికి పైగా. వారిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువ భాగం నాటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వారిలో సగానికి పైగా ఒకే అపార్టుమెంటు చిరునామాలో నివసిస్తున్నట్లు కాగితాలలో ఉన్నది! కొందరు విద్యార్థుల చీలమండలకు రేడియో పట్టీలు తగిలించారు. ఆ చిత్రాలు పత్రికలలో చూసి మన ఊళ్ళలో తల్లులు ఏడ్చిన సంగతి నాకు గుర్తున్నది. ఆ సంస్థ అధిపతి సూసన్ సూకు 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది.

ఎనిమిదేళ్ళ తర్వాత 2019 జనవరి చివరలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి బయటపడింది. ఇది మరింత విచిత్రం. ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది అమెరికా ప్రభుత్వ వలస విభాగపు రహస్య అధికారులే. దానికి వెబ్‌సైటు ఉన్నది, కార్యాలయం ఉన్నది, ప్రభుత్వ జాబితాలో పేరు ఉన్నది. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. సుమారు 600 మంది చేరారు. దళారులుగా వ్యవహరించారని ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. తొలి రోజులలోనే నిర్బంధంలోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో అధికులు తెలుగువారు. వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం రాత్రింబవళ్ళు పనిచేసే సహాయవాణిని ఏర్పాటు చేయవలసి వచ్చింది.

తానే వల పన్ని, తానే రుసుము వసూలు చేసి, తానే పట్టుకోవడం ఒక ప్రభుత్వానికి తగిన పని కాదని నా అభిప్రాయం. అంతకుముందు చదివిన కళాశాల గుర్తింపు కోల్పోవడం వలన, ప్రభుత్వ జాబితాను నమ్మి అక్కడికి మారిన అమాయకులు కూడా వారిలో ఉన్నారు. విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది న్యాయస్థానం కొట్టివేయగా, అది విచారణకు అర్హమైనదేనని 2024లో అప్పీలు న్యాయస్థానం అన్నది. అంతమాత్రాన మనవారి తప్పు మాసిపోదు. తరగతి లేదు, పాఠం లేదు, పరీక్ష లేదు, స్టేటస్ మాత్రం ఉంటుందని ఎవరైనా చెబితే, అది చదువు కాదని గ్రహించడానికి ఎం.ఎస్. అవసరం లేదు. అక్కడ కొందరు రుసుము కట్టినది విద్యకు కాదు, పని చేసుకునేందుకు ఒక ముసుగుకు.

2025 ఏప్రిల్‌లో మరొక కలకలం రేగింది. వేలాది విద్యార్థుల సెవిస్ దస్త్రాలను, కొన్ని చోట్ల చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘనల వంటి కారణాలతో, రద్దు చేశారు. కోర్టులు జోక్యం చేసుకున్న తర్వాత పునరుద్ధరించారు. తరగతులు ఎగ్గొట్టినా, చెప్పకుండా చదువు మానినా వీసా రద్దు కావచ్చునని మే నెలలో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. అందుచేత 'మా అన్న చేశాడు, ఏమీ కాలేదు' అన్న పాత మాట ఇక పనికిరాదు.

మరునాడు ఆ తండ్రికి ఈ సంగతులన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉన్నది. "అది వాళ్ళ ప్రభుత్వం చేసుకున్న చట్టం కదా హజ్రత్! మన ధర్మానికి దానితో ఏం సంబంధం?"

ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉన్నది, అడిగేవారు తక్కువ. మా పాఠ్యగ్రంథాలలో 'హిదాయా' అనే ధర్మశాస్త్ర గ్రంథం ఉన్నది. అందులో 'ముస్తామిన్' గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. అమాన్, అంటే అభయం పొంది పరాయి రాజ్యంలోకి ప్రవేశించినవాడు ముస్తామిన్. అది వైరి రాజ్యమే అయినా సరే, అభయం పొంది వెళ్ళిన ముస్లిం వర్తకుడు అక్కడివారి ధనప్రాణాలకు హాని తలపెట్టరాదని, అలా చేస్తే అది ద్రోహమని ఆ అధ్యాయం చెబుతుంది. ఓడలలో, ఒంటెలపై ప్రయాణించిన కాలపు మాట అది. ఈనాటి వీసా కూడా అటువంటి అమానేనని మన కాలపు పండితులు అనేకులు చెబుతున్నారు. ఆ కాన్సులేటు కిటికీ ముందు నిలబడి పిల్లవాడు 'నేను చదువుకోవడానికి వెళ్తున్నాను' అని చెప్పాడు. ఆ మాట మీదనే వారు తలుపు తెరిచారు. అది ఒప్పందం. ఎదుటివాడు మన ధర్మం వాడు కాకపోయినంత మాత్రాన ఒప్పందం బలహీనపడదు.

"పెట్రోలు పోయడం తప్పు కాదు భాయ్. ఇచ్చిన మాటను దాచిపెట్టి పోయడమే తప్పు" అన్నాను. ఆ బంకులలో మద్యం, లాటరీ టికెట్లు కూడా అమ్ముతారని, అది మరో చిక్కు అని మా మేనల్లుడు చెప్పిన సంగతి ఆ పూట ఎత్తలేదు. ఆయన మీద అప్పటికే తగినంత భారం ఉన్నది.

ఈ సందర్భంలో నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ అబ్బాయి బయలుదేరే రోజున దుఆ చేసినది నేనే. నమాజు విడువవద్దని, హలాల్ మాంసం చూసి తినమని చెప్పాను. ఎవరి వద్ద ఎంత అప్పు చేశారని, తొలి వాయిదా ఎప్పటి నుండి అని నేను గాని, మా జమాత్‌లో మరెవరు గాని అడగలేదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము సంగతి పెళ్ళిపందిరి వంటి ఆ సందడిలో అడగడం అమర్యాద అనుకున్నాము. బిడ్డ చేత తప్పటడుగు వేయించేది సాధారణంగా వ్యసనం కాదు. ఇంటి నుండి వచ్చే ఫోను. 'పని దొరికిందా?' అని మనం వారం వారం అడుగుతాము. 'ఈ సెమిస్టరు ఎన్ని క్రెడిట్లు తీసుకున్నావు? డీఎస్‌ఓను కలిశావా? ఐ-20 మీద చదువు గడువు తేదీ ఎంత?' అని అడిగే తల్లిదండ్రులు ఎందరు? ఇంగ్లీషు రాని తల్లి కూడా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు. అబ్బాయి తడబడితే ఆమెకు అర్థమవుతుంది.

అనుకోని ఆర్థిక కష్టం వచ్చినవారికి చట్టంలోనే ఒక మార్గం ఉన్నది. ఒక విద్యాసంవత్సరం పూర్తి చేసి, చదువు బాగా సాగుతున్న విద్యార్థి, తన చేతిలో లేని కారణం చేత తీవ్రమైన ఇబ్బందిలో పడితే, డీఎస్‌ఓ సిఫారసుతో వెలుపల పనికి అనుమతి కోరవచ్చు. పోషకుని జబ్బు, రూపాయి విలువ పతనం వంటి కారణాలు చూపవచ్చు. ముందే తెలిసి చేసిన అప్పు ఒక్కటే కారణమైతే వినరు. దరఖాస్తుకు సమయం పడుతుంది, అనుమతి వస్తుందన్న హామీ లేదు. మన ఆ అబ్బాయికి ఇంకా సంవత్సరం నిండలేదు కనుక ఈ తలుపు కూడా ప్రస్తుతానికి అతనికి దూరమే.

తరువాతి జుమా రోజున తండ్రి మళ్ళీ వచ్చారు. కుమారుడు బంకు పనికి వెళ్ళడం లేదని చెప్పారు. విశ్వవిద్యాలయ భోజనశాలలో పని అడిగాడట. వారానికి 12 గంటలు ఇచ్చారు, అతని తిండి ఖర్చుకు సరిపోతుంది, ఇంటికి పంపేందుకు ఏమీ మిగలదు. "ఈ నెల వాయిదాకు ఒక గేదెను అమ్మినాను హజ్రత్. రెండోది పాలిస్తావుంది, దాన్ని అమ్మలేను" అన్నారు. ఆయన స్వరంలో నింద లేదు. అందువలన నాకు మరింత కష్టం తోచింది.

మా మస్జిదు కమిటీ వద్ద వడ్డీ లేని అప్పుల కొరకు ఒక చిన్న నిధి ఉన్నది. ఇంతవరకు ఆసుపత్రి ఖర్చులకు, విత్తనాలకు మాత్రమే ఇచ్చాము. చదువుల వాయిదాకు ఎప్పుడూ ఇవ్వలేదు. లెక్కల పుస్తకం తీసి చూశాను. అందులో ఉన్నది ఆయన ఒక నెల వాయిదాకు కూడా సరిపోదు. ఆదివారం జుహ్ర్ తర్వాత కమిటీ సమావేశం ఉన్నది. అడుగుతాను.